పది లక్షల ట్యూనా డబ్బాలు, ఒక మంత్రి సంతకం

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ అమ్మ చేపల మార్కెట్‌కి వెళ్తే ముందు ఏం చేస్తుంది?

మా అమ్మ అయితే రేటు అడగదు. చేపని చేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తి చూస్తుంది, లోపల ఎర్రగా ఉందా నల్లబడిందా అని. వేలితో ఒళ్ళు నొక్కుతుంది. గుంట పడి అలాగే ఉండిపోతే పక్కన పెట్టేస్తుంది. ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. చేపలామె "ఇప్పుడే పడవ దిగిందమ్మా, ఒట్టు" అంటున్నా సరే, మా అమ్మ ముక్కు ఒప్పుకోకపోతే బేరం లేదు. చిన్నప్పుడు కాకినాడలో నాకు ఇది చూస్తే సిగ్గేసేది, అంతమంది మధ్యలో ఈ వాసన చూడటమేంటి అని.

ఇప్పుడు అదే చేపకి తల తీసేశారు, మొప్పలు తీసేశారు, తోలు తీసేశారు, ఉడికించి, నూనె పోసి, రేకు డబ్బాలో పెట్టి సీల్ వేశారు, పైన మంచి బొమ్మ అంటించారు అనుకోండి. మా అమ్మ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు. డబ్బా బయట నుంచి నొక్కితే రేకు తగులుతుంది, వాసన చూస్తే రంగు వాసన వస్తుంది.

సో, అమ్మ చెయ్యలేని పని ఇంకెవరో చెయ్యాలి. డబ్బా తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పనికిరాదు" అని చెప్పే ఒక మనిషి కావాలి. ఆ మనిషి పేరే ఫుడ్ ఇన్‌స్పెక్టర్. ఇవాళ్టి కథ ఆ ఇన్‌స్పెక్టర్ ముక్కు గురించి. ఆ ముక్కు చెప్పిన మాటని ఒక మంత్రి కొట్టిపారేస్తే ఏమైంది అనే దాని గురించి. కథ జరిగింది 1985లో, కెనడాలో. అక్కడి పేపర్లు దానికి పెట్టిన పేరు ట్యూనాగేట్.

ముందు డబ్బా లోపలికి వెళ్దాం

కెనడా వెళ్ళే ముందు ఒక టెక్నికల్ విషయం క్లియర్ చేసుకోవాలి. ఇది అర్థమైతేనే కథ అర్థమవుతుంది.

డబ్బా చేప చెడిపోవడం రెండు రకాలు. ఒకటి, సీల్ వేశాక చెడిపోవడం. సరిగ్గా ఉడకలేదు, లేదా డబ్బాకి కంటికి కనపడని చిల్లు పడింది, లోపలికి క్రిములు వెళ్ళాయి. ఇందులో అన్నిటికన్నా భయంకరమైనది బోట్యులిజం. గాలి లేని చోట పెరిగే ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషం అది. 1963లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ట్యూనా డబ్బా తిని ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో సాల్మన్ డబ్బా తిన్న నలుగురు పెద్దవాళ్ళకి ఇదే జబ్బు వచ్చింది, ఇద్దరు పోయారు. 1982లో బెల్జియంలో ఒకాయన పోయాడు. అలాస్కా నుంచి వచ్చిన సాల్మన్ డబ్బాకి చిన్న చిల్లు ఉండటమే కారణం. దాని తర్వాత కోట్ల డబ్బాలు షాపుల నుంచి వెనక్కి తెప్పించారు.

ఈ రకం కేసుల్లో గవర్నమెంట్లు వేగంగానే కదులుతాయి. ఎందుకంటే శవం ఉంది. శవం ఎదురుగా ఉంటే ఏ మంత్రీ "కొంచెం ఆగుదాం" అనడు.

రెండో రకం వేరు. డబ్బాలోకి వెళ్ళకముందే చేప చెడిపోయి ఉండటం. ట్యూనాని దూరంగా నడిసముద్రంలో పడతారు, గడ్డకట్టించి, వారాల తర్వాత ఫ్యాక్టరీకి తెస్తారు. మధ్యలో ఎక్కడో ఐసు సరిపోలేదు, ఎండలో ఆగిపోయింది, కుళ్ళు మొదలైంది. ఆ చేపనే కోసి డబ్బాలో పెట్టి రిటార్ట్‌లో పెట్టారు. రిటార్ట్ అంటే ఫ్యాక్టరీ సైజు ప్రెషర్ కుక్కర్ అనుకోండి, 121 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. క్రిములన్నీ చచ్చిపోతాయి. ల్యాబ్‌కి పంపితే బ్యాక్టీరియా సున్నా.

కానీ క్రిములు చచ్చిపోయే ముందు చేసిన పని అలాగే ఉంటుంది. కంపు పోదు, రుచి తిరిగి రాదు. ట్యూనా లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేపని చల్లగా ఉంచకపోతే క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ఒకసారి హిస్టమిన్ తయారైందా, ఇంక వండినా, వేయించినా, డబ్బాలో ఉడికించినా పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడటం, తలనొప్పి, ఒళ్ళంతా దద్దుర్లు. మన వంజరం, కానాగంతలు కూడా ఆ కుటుంబం చేపలే, అందుకే వాటిని ఐసులో లేకుండా కొనద్దు అనేది.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ ఈ విషయంలో రెండు గీతలు గీసింది. డబ్బా ట్యూనాలో హిస్టమిన్ కిలోకి 100 మిల్లీగ్రాములు దాటితే అది కుళ్ళిన చేప కింద లెక్క. 200 దాటితే ఆరోగ్యానికే ముప్పు. ఈ రెండు గీతల మధ్య ఉన్న జాగా చూడండి. "కుళ్ళింది, కానీ నువ్వు చావవు" అనే జాగా. రాజకీయం నడిచేది సరిగ్గా అక్కడే.

చేప డబ్బాల మీదే కేసు

ఈ జాగా గురించి చట్టం ఏమంటుంది? 1906లో అమెరికా ఒక చట్టం తెచ్చింది, ప్యూర్ ఫుడ్ అండ్ డ్రగ్స్ యాక్ట్. అందులో తేడా ఉన్న ఆహారం అంటే ఏంటో చెబుతూ రాసిన మాటల్ని మన భాషలో చెప్పాలంటే "మురికి, కుళ్ళు, కంపు కొట్టే" జంతు పదార్థం ఉన్నది. "తిన్నవాళ్ళకి జబ్బు చేయాలి" అనే షరతు అక్కడ పెట్టలేదు. కుళ్ళింది అంటే కుళ్ళింది, అంతే. ఫ్యాక్టరీ వాళ్ళు "బాగా ఉడికించాం కాబట్టి హాని లేదు" అంటే, దానితో కుళ్ళు మాసిపోదు.

ఇంకో సరదా సంగతి. ఆ చట్టం కింద గవర్నమెంట్ కంపెనీ మీదే కాదు, సరుకు మీద కూడా కేసు వేయొచ్చు. నిజంగానే. కోర్టు కాగితాల్లో పేరు ఎలా ఉంటుందంటే "అమెరికా ప్రభుత్వం వర్సెస్ 200 పెట్టెల టమాటా కెచప్" అని. ఇది నేను కల్పించింది కాదు, 1914 నాటి కేసు. చేప డబ్బాల మీద కూడా అలాగే కేసులు నడిచాయి. ముద్దాయి బోనులో డబ్బాలన్నమాట. నవ్వొస్తుంది కానీ లాజిక్ ఉంది. యజమాని ఎవరు, ఏ ఊళ్ళో ఉన్నాడు అని వెతికేలోపు సరుకు అమ్ముడైపోతుంది. అందుకే ముందు సరుకుని ఆపు, వాదన తర్వాత.

కెనడాలో ఫిష్ ఇన్‌స్పెక్షన్ యాక్ట్ ఉండేది. అందులోనూ మూడు మాటలు: వాసన మారినది, కుళ్ళినది, ఆరోగ్యకరం కానిది. మూడిట్లో ఏ ఒక్కటైనా చాలు, సరుకు ఆగిపోవాలి. మూడోది మాత్రమే రోగం గురించి. మొదటి రెండూ ముక్కు గురించి. అంటే ఇన్‌స్పెక్టర్ ముక్కుకి చట్టమే అధికారం ఇచ్చింది.

ఇక కథలోకి.

సెయింట్ ఆండ్రూస్

కెనడా తూర్పు తీరంలో న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం ఉంది. అమెరికా బోర్డర్ పక్కనే సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊరు. ఆ ప్రాంతంలో స్టార్-కిస్ట్ ట్యూనా ఫ్యాక్టరీ ఉండేది. స్టార్-కిస్ట్ అప్పట్లో హైంజ్ కంపెనీది, అదే, మనకి కెచప్ సీసా మీద కనపడే హైంజ్. ఫ్యాక్టరీలో సుమారు 400 మంది పని చేసేవాళ్ళు. చిన్న ఊళ్ళున్న ప్రాంతంలో 400 ఉద్యోగాలంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మన దగ్గర ఒక షుగర్ ఫ్యాక్టరీ మూతపడితే చుట్టుపక్కల టీ కొట్టు దగ్గర నుంచి స్కూల్ ఫీజుల దాకా ఏమవుతుందో చూసినవాళ్ళం కదా.

ఆ ఫ్యాక్టరీ డబ్బాల్ని ఫిషరీస్ శాఖ ఇన్‌స్పెక్టర్లు తెరిచి చూశారు. కంపు. మాల్ పనికిరాదు, మనుషులు తినడానికి తగదు అని రాసేశారు. ఒకటి రెండు పెట్టెలు కాదు, లెక్క చూస్తే దాదాపు పది లక్షల డబ్బాలు.

కంపెనీ ఊరుకుంటుందా? మీ వాళ్ళు మరీ కఠినంగా చూస్తున్నారు, ఇలా అయితే ఫ్యాక్టరీ నడపలేం అని పై స్థాయిలో మొరపెట్టుకుంది. రాష్ట్ర ప్రీమియర్ రిచర్డ్ హాట్‌ఫీల్డ్ కూడా తన ఊరి ఉద్యోగాల కోసం మాట్లాడాడు. ఆ ఒత్తిడంతా వచ్చి పడింది ఒక మనిషి టేబుల్ మీద. ఆయన పేరు జాన్ ఫ్రేజర్, ఫిషరీస్ మంత్రి. వాంకూవర్ లాయరు. ప్రధాని బ్రయాన్ మల్రోనీ 1984లో భారీ మెజారిటీతో గెలిచి కట్టిన కొత్త క్యాబినెట్‌లో మనిషి.

ఒక్క నిమిషం ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. ఒక వైపు తన సొంత శాఖ ఇన్‌స్పెక్టర్లు, చేప కుళ్ళింది అంటున్నారు. ఇంకో వైపు 400 కుటుంబాలు. ఎవరూ జబ్బు పడలేదు. వాసన అనేది మనిషి మనిషికీ మారుతుంది కదా, మీ ముక్కు చెప్పిందే వేదమా అని కంపెనీ అడుగుతోంది. మీరైతే ఏం చేసేవాళ్ళు?

ఫ్రేజర్ ఇన్‌స్పెక్టర్ల మాట పక్కన పెట్టాడు. సరుకు వదిలేయమని ఆర్డర్ ఇచ్చాడు. డబ్బాలు షాపుల్లోకి వెళ్ళిపోయాయి.

మా ఆఫీస్‌లో జరిగింది

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను వీడియోలు మొదలుపెట్టక ముందు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కంపెనీ పేరు వద్దు. ఒక శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఉంది. మా టెస్టర్ అక్క ఒక బగ్ రైజ్ చేసింది, కొన్ని ఫోన్లలో డబ్బు కట్టాక రసీదు రావట్లేదు అని. ఫెయిల్ అని మార్క్ చేసింది. మేనేజర్ గారు వచ్చి, "డబ్బు పోవట్లేదుగా, రసీదేగా, సోమవారం చూద్దాం" అని రిలీజ్ బటన్ నొక్కించేశారు. ఆ కోడ్ రాసింది నేనే. నాకు తెలుసు ఆ అక్క చెప్పింది కరెక్టని. నేను నోరు మెదపలేదు. వీకెండ్ మొత్తం కస్టమర్ కేర్ వాళ్ళు తిట్లు తిన్నారు. సోమవారం మీటింగ్‌లో ఆ అక్కనే అడిగారు, టెస్టింగ్ సరిగ్గా చెయ్యలేదా అని.

ఆ రోజు నుంచి ఆ అక్క బగ్స్ రాయడం తగ్గించింది. ఎందుకు రాయాలి? రాసినా రాయకపోయినా బటన్ నొక్కేది ఇంకొకరు.

ట్యూనా డబ్బాల విషయంలో అసలు నష్టం ఇదే అని నాకు అనిపిస్తుంది. ఇది లంచం కథ కాదు. ఒక పెద్దాయన మంచి ఉద్దేశంతోనే, ఉద్యోగాలు కాపాడదామని, టెస్టర్ పెట్టిన ఫెయిల్‌ని పాస్ చేశాడు. కానీ ఆ ఒక్క సంతకంతో ప్రతి ఇన్‌స్పెక్టర్‌కీ ఒక మెసేజ్ వెళ్ళింది. నీ ముక్కు విలువ పైనుంచి ఫోన్ వచ్చేదాకానే అని.

1985 సెప్టెంబర్ 17

కెనడా ప్రభుత్వ టీవీ సీబీసీలో ది ఫిఫ్త్ ఎస్టేట్ అనే ప్రోగ్రామ్ వస్తుంది, పరిశోధన చేసి వేసే కథనాలు. 1985 సెప్టెంబర్ 17 రాత్రి రిపోర్టర్ ఎరిక్ మాలింగ్ ఈ కథ మొత్తం బయటపెట్టాడు. ఇన్‌స్పెక్టర్లు వద్దన్నారు, మంత్రి వదిలేయమన్నాడు, ఆ డబ్బాలు మీ వంటింటి అల్మరాలో ఉన్నాయి.

ఊహించుకోండి, టీవీ చూస్తూ చూస్తూ లేచి వెళ్ళి అల్మరా తెరిచిన అమ్మల్ని. పిల్లలకి స్కూల్‌కి శాండ్‌విచ్‌లో పెట్టి పంపింది అదే ట్యూనా.

పార్లమెంట్‌లో గోల మొదలైంది. ఫ్రేజర్ మొదట్లో తన నిర్ణయాన్ని సమర్థించుకున్నాడు, ఆరోగ్యానికి ప్రమాదం ఏమీ లేదు, బయటి అభిప్రాయం కూడా తీసుకున్నాను అన్నాడు. కొద్ది రోజుల్లోనే ప్రధాని మల్రోనీ డబ్బాలన్నీ షాపుల నుంచి తీసేయమన్నాడు. తర్వాత ఇంకో గొడవ వచ్చింది, ఈ విషయం ప్రధాని ఆఫీస్‌కి ముందే తెలుసా లేదా అని. మంత్రి ఒక మాట, ప్రధాని ఇంకో మాట చెప్పడంతో కథ చేప నుంచి నమ్మకం మీదకి మళ్ళింది. ప్రోగ్రామ్ వచ్చిన ఆరు రోజులకి, సెప్టెంబర్ 23న, ఫ్రేజర్ రాజీనామా చేశాడు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ డబ్బాలు తిని ఎవరైనా జబ్బు పడినట్టు తేలలేదు. ఒక్కరు కూడా. మరి అంత రాద్ధాంతం ఎందుకు? జనానికి కోపం వచ్చింది కడుపునొప్పి వల్ల కాదు. "నా బదులు వాసన చూడటానికి ఒక మనిషిని పెట్టారు, ఆయన వద్దన్నాడు, ఆ మాట నాకు చెప్పకుండా నాకే అమ్మారు" అనే దాని వల్ల.

ఇక ఆ 400 ఉద్యోగాల సంగతి? స్టార్-కిస్ట్ పేరు వింటేనే కెనడాలో జనం డబ్బా ముట్టుకోవడం మానేశారు. అమ్మకాలు కుప్పకూలాయి. ఫ్యాక్టరీ మూతపడింది, పనివాళ్ళు రోడ్డున పడ్డారు. వాళ్ళని కాపాడటానికే కదా సంతకం పెట్టింది. పది లక్షల డబ్బాలు పారబోసి ఉంటే కంపెనీకి ఒక దెబ్బ తగిలేది. పారబోయకపోవడం వల్ల పేరే పోయింది. మంచి ట్యూనా కూడా ఎవరూ కొనలేదు, ఎందుకంటే డబ్బా బయట నుంచి మంచిదీ చెడ్డదీ ఒకేలా ఉంటుంది కదా.

ఫ్రేజర్ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. ఏడాది తర్వాత, 1986లో, కెనడా పార్లమెంట్ మొట్టమొదటిసారి రహస్య ఓటింగ్‌తో స్పీకర్‌ని ఎన్నుకుంటే ఆయనే గెలిచాడు. ఏళ్ళపాటు మంచి స్పీకర్‌గా పేరు తెచ్చుకున్నాడు. రాజీనామా చేసిన మంత్రికి రెండో ఛాన్స్ వచ్చింది. ఫ్యాక్టరీలో చేపలు కోసిన ఆడవాళ్ళకి అలాంటి ఓటింగ్ ఎవరూ పెట్టలేదు.

తర్వాత ఏం మారింది

1992లో కెనడా చేపల ఫ్యాక్టరీలన్నిటికీ క్వాలిటీ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్ తప్పనిసరి చేసింది. ఆఖర్లో డబ్బా తెరిచి చూడటమే కాదు, చేప దిగిన దగ్గర నుంచి ప్రతి దశలోనూ ఎక్కడ చెడిపోవచ్చో ముందే గుర్తించి, అక్కడ కొలిచి, రాసిపెట్టాలి. మన భాషలో చెప్పాలంటే రిలీజ్ రోజు టెస్టింగ్ కాకుండా, కోడ్ రాసేటప్పుడే టెస్టింగ్. 1997లో తనిఖీ పనిని వేర్వేరు శాఖల నుంచి తీసి, కెనడియన్ ఫుడ్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ అని ఒక సంస్థ కింద పెట్టారు. చేపల పరిశ్రమ బాగోగులు చూసే శాఖే ఆ పరిశ్రమని తనిఖీ చేస్తే ఏ ఇబ్బంది వస్తుందో ట్యూనాగేట్ చూపించేసింది కదా.

సరే, మనకేంటి అంటారా? అదే 1997లో యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి వెళ్ళే సముద్ర ఉత్పత్తుల్ని శుభ్రత బాలేదని కొన్ని నెలలు ఆపేసింది. 2018 జులైలో ఫార్మలిన్ గొడవ మీద అస్సాం గవర్నమెంట్ ఆంధ్ర నుంచి వచ్చే చేపల్ని పది రోజులు నిషేధించింది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువులున్న స్నేహితులుంటే అడగండి, ఆ పది రోజులు ఎలా గడిచాయో. తప్పు చేసినవాడు ఒకడు ఉండొచ్చు, ఆగిపోయేది అందరి లారీలు. నిజాయితీగా ఐసు వేసి పంపిన రైతుని కాపాడేది కూడా ఆ ఇన్‌స్పెక్టరే. "ఈ లారీ మంచిది, ఆ లారీ కాదు" అని చెప్పే ముక్కు మీద నమ్మకం ఉంటేనే మొత్తం రాష్ట్రం పేరు చెడదు.

మన వాళ్ళు చాలామంది ఇప్పుడు కెనడాలో, అమెరికాలో చదువుకుంటున్నారు. రాత్రి షిఫ్ట్ అయ్యాక రూమ్‌కి వచ్చి, ట్యూనా డబ్బా తెరిచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేపుడు చేసుకుంటారు. వాళ్ళలో నా ఫ్రెండ్స్ కూడా ఉన్నారు. ఆ డబ్బా తెరిచేటప్పుడు ఎవరూ భయపడరు. భయపడక్కర్లేకుండా ఉండటం వెనక చాలామంది పని ఉంది.

నాకు మా టెస్టర్ అక్క గుర్తొస్తూనే ఉంటుంది. ఆ మధ్య ఆమెకి మెసేజ్ పెట్టాను, ఆ రోజు మీరు చెప్పింది కరెక్ట్, నేను మీటింగ్‌లో చెప్పాల్సింది అని. "ఇప్పుడా చెప్పేది" అని ఒక నవ్వు ఎమోజీ పంపింది. అంతే.

మీ ఆఫీసుల్లో, కాలేజీల్లో ఇలా ఫెయిల్ అన్నదాన్ని పైవాళ్ళు పాస్ చేసేసిన సందర్భం ఉంటే కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు, కథ చాలు. ఈసారి మార్కెట్‌లో అమ్మ మొప్ప ఎత్తి చూస్తుంటే మాత్రం సిగ్గుపడకండి. పక్కన నిలబడి మీరూ నేర్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.